తరిమి, తిరిగి వచ్చి

కౌనస్‌లో రాత్రి ఒంటిగంటన్నర.
చివరి ట్రాలీబస్సు కొమ్ములు దించుకుని
మంచు దులుపుకుంటూ షెడ్డులో దూరింది.
డిస్పాచర్ స్కిర్మాంతె
లాగ్‌బుక్కులో దాని నంబరు రాసి,
బీట్‌రూట్ సూపు డబ్బా మూత తీసి,
రెండో ఉద్యోగం తెరిచింది.
జీతం లేనిది. సెలవూ లేనిది.

తెర మీద పన్నెండుమంది అమ్మాయిలు.
ముఖాలుండవు, అంకెలుంటాయి.
వేగం డెబ్బైమూడు.
చేతివాటం అరవైయెనిమిది
(ఈ ఆటలో అది తప్పు కాదు, సద్గుణం).
దమ్ము నలభైయొకటి.

అవతల క్లైపెద రేవులో క్రేను నడిపే గింతౌతాస్.
అతని జట్టు ఆమడ దూరం నుంచి బుట్టలో వేస్తుంది.
జోన్ కట్టి గూటి దగ్గర కూర్చుంటే
బయట నిలబడి తీరిగ్గా గురి చూసుకుంటారు.
కోర్టు పొడుగునా ప్రెస్ చేస్తే
మూడో క్వార్టరుకి తన పిల్లలకే నాలుకలు బయటికొస్తాయి.
నుయ్యా, గొయ్యా?
తొమ్మిది సీజన్లుగా ఏదో ఒకదాంట్లో
కళ్ళు మూసుకుని దూకుతూనే ఉంది.

ఇవాళ
టికెట్టు ముక్క వెనక పెన్సిలుతో చుక్కలు పెట్టింది.
ఇద్దరు, ఇద్దరు, వెనకొక్కరు: తరిమేటప్పుడు.
ముందిద్దరు, వెనక ముగ్గురు: కాచేటప్పుడు.
చూసిందే చూసింది.
ముందున్నవాళ్ళు ముందే ఉంటారు,
నడుమ ఇద్దరూ జారి
ఆఖరామెకి చెరో పక్కన చేరతారు.
అంతే.
ఎవరూ ఎవర్నీ దాటక్కర్లేదు,
అల వెళ్ళి అల వచ్చినట్టు.

మన బంతి బుట్టలో పడితేనే ప్రెస్. గురి తప్పితే జోన్.
వాళ్ళు సగం గీత దాటారా, వెంటపడొద్దు, వెనక్కి రండి.
బంతి దొరక్కపోయినా ఫరవాలేదు,
వాళ్ళ ఇరవైనాలుగు సెకన్లలో ఏడు
మనం తినేశాం.

నొక్కాల్సినవన్నీ నొక్కింది.
ఒక్క గడి మిగిలింది:
"దమ్ము ముప్పైకి పడితే బెంచీకి పిలువు."
ఇన్నాళ్ళూ దాన్ని ఖాళీగానే వదిలేది.

దైనోరా అన్న పేరు ఆట ఇచ్చింది కాదు.
తనే టైపు చేసింది.
రేడియేటరు కారే బడి జిమ్ములో
తను కోచ్‌గా ఉన్న రోజుల్లో
పద్నాలుగేళ్ళ దైనోరా ఉండేది.
అప్పట్లో తనకి తెలిసిన విద్య ఒక్కటే, తరుము.
గెలుస్తున్నా తరుము, ఓడుతున్నా తరుము.
ఒక శనివారం ఆట మధ్యలో ఆ పిల్ల
కోర్టు నడిమధ్యన చతికిలబడి,
లేసులు విప్పి,
బూట్లు అక్కడే వదిలి
సాక్సులతో నడుచుకుంటూ వెళ్ళిపోయింది.
రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు.
స్కిర్మాంతె మాత్రం అరిచింది. ఏమని అరిచిందో
ఆమెకి బాగా గుర్తు, ఎవరికీ చెప్పదు.

గడిలో టిక్కు పెట్టింది.

రెండింటికి యంత్రం ఆట ఆడించింది.
వాక్యాలు ఒక్కొక్కటే రాలాయి.
దైనోరా బంతి కాజేసింది.
దైనోరా వెనక్కి వచ్చింది.
ఎడమ మూల ఖాళీ. మూడు పాయింట్లు, వాళ్ళకి.
దైనోరా బెంచీ మీద కూర్చుంది.
దైనోరా లేచింది.

రెండు పాయింట్లతో ఓడిపోయారు.

రేవు నుంచి కబురు:
"ఇదెక్కడి వలమ్మా!
మావాళ్ళు సగం గీత దాటడానికే దండాలు పెట్టుకున్నారు."
సూపు చల్లారిపోయింది, అలాగే తాగేసింది.
ఎడమ మూల సంగతి రేపు చూడాలి.

నాలుగూ నలభైకి మొదటి బండి.
డ్రైవరు వచ్చి తాడు లాగి కొమ్ములు తీగెకి తగిలించాడు,
నీలంగా ఓ మెరుపు.
స్కిర్మాంతె లాగ్‌బుక్కు ముందుకు జరుపుకుని
బండి నంబరు రాయాల్సిన చోట
దైనోరా, ఇరవైరెండు నిమిషాలు, అని రాసింది.
చూసుకుంది.
కొట్టేయలేదు.
కింది గీతలో బండి నంబరు రాసింది.